చెంచాడు నీళ్లు

మా వాడికి ఏడాదిన్నర వయసులో, మండుటెండల్లో విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ల గ్లాసు కనబడితే చాలు, చేతులు చాపేవాడు. మా అత్తమ్మ ఆ గ్లాసు తీసి ఫ్రిజ్ మీద పెట్టేసేది.

"నీళ్లు తాగితే ఇంక కారుతయ్ బిడ్డా. జర కడుపు ఎండనియ్యి."

నాకు నోరు తక్కువేం కాదు. అమీర్‌పేటలో ఊరందరి పిల్లలకూ కంప్యూటర్ పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని. కానీ ముగ్గురిని పెంచిన మనిషి, నాకంటే ఆవిడకే తెలుసు కదా అని ఊరుకున్నాను.

సాయంత్రానికి వాడు ఏడుపు మానేశాడు. "నిమ్మలపడ్డడు" అంది అత్తమ్మ. నేనూ సంబరపడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఎత్తుకుంటే తల వాల్చేశాడు, కళ్లు లోపలికి పోయాయి. పొద్దుటినుంచి మూత్రమే పోయలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆటోలో పంజాగుట్ట పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం.

"నీళ్లెందుకు ఆపారమ్మా?" ఆవిడ కేకలేసింది. "ఒంట్లోంచి పోయినవి మళ్లీ పోయకపోతే పిల్లాడు ఏమైపోవాలి?"

ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్లలో కలిపించి, చెంచా నా చేతికిచ్చింది. కొంచెం కొంచెంగా పడుతూనే ఉండమంది, వాంతి అయితే కాసేపాగి మళ్లీ పట్టమంది. పాలూ అన్నమూ మానొద్దంది. అక్కడే బల్ల మీద కూర్చుని పట్టాను. చాలాసేపటికి వాడు నా చీర తడిపాడు. జీతం పెరిగినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆ సంతోషంలో నోరాగలేదు. "ఇన్నరా అత్తమ్మా, నీళ్లే మందట!" అని దెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండేది.

ఆవిడ పిల్లాడి నోటివంకే చూస్తోంది. "మీ ఆయనకన్న ముందు నాకొక ఆడపిల్ల. దానికి సుత గిట్లనే అయ్యింది. నీళ్లియ్యొద్దన్నరు. ఏడుస్తుంటె చూడలేక, ఎవ్వరికి తెల్వకుండ ఒక్క చెంచ పోసిన. తెల్లారేసరికి పానం పోయింది. నా చెంచనే చంపిందనుకున్న, ఇన్నేండ్లు."

ఆ పిల్ల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ నాతో అనలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"గా నీళ్లు చంపలే అత్తమ్మా. మీ తప్పేం లేదు."

"గది కాదు బిడ్డా" అంది. "ఇంకో చెంచకు నోరు తెరిచింది. నేనియ్యలే."