కూర్చోవడం కోసం నాచారం దాకా

మా ముత్తాత రాజేశ్వరరావు గారు నారపల్లి చుట్టూ మూడు ఊళ్లకు మాలీ పటేల్. శిస్తు ఆయన చేతి మీదుగానే వెళ్లేది. తాత మాధవరావు గారు పంచాయితీకి వస్తే జనం లేచి నిలబడేవారు. నాన్నగారి కాలానికి లేచేవారు తగ్గారు గానీ, కుర్చీ మాత్రం వేసేవారు. వీపు నిటారుగా పెట్టి కూర్చునే అలవాటు నాకు ఆ ముగ్గురి నుంచీ వచ్చింది. వాళ్లెవరూ సైకిల్ ఎక్కలేదు. నేను ఎక్కాను.

ఎక్కింది ఒక పోటీ కోసం. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటిగా సాగే పోటీ అది. అందులో సైకిల్ వంతు తొంభై కిలోమీటర్లు. నిరుడు యాభై ఐదో కిలోమీటరు దగ్గర సీటు నొప్పి భరించలేక దిగిపోయి, మంచినీళ్ల వ్యానులో తిరిగొచ్చాను. మా బావమరిది ఆ సంగతి ప్రతి పెళ్లిలోనూ చెబుతున్నాడు. ఈ ఏడాది పోటీకి మూడు వారాలుందనగా నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చి, రాత్రి అన్నం నిలబడి తిన్నాను. మా ఆవిడ సుజాత పళ్లెం అందిస్తూ తేల్చి చెప్పింది: "రేపు సీటు కుదిరిందా, సరే. లేకుంటే పేరు వాపస్ తీసుకోండి. నిలబడి తినేటోళ్లకు వడ్డించుడు నాతోని కాదు."

కొలత తీసి సైకిల్ సీటు అమర్చే మనిషి నాచారంలో ఉన్నాడని విని, మర్నాడు పొద్దున తొమ్మిదింబావుకు బయలుదేరాను. సైకిల్ బస్సులో పట్టదు కనుక మా ఊరి సత్తయ్య ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. నాచారం దాకా ఐదు వందలు. సత్తయ్య తన పక్కన చోటు తుడిచి, "కూసోండి పటేలా" అన్నాడు.

"వెనక నిలబడతాను."

"పటేలు నిలబడి నేను కూసుంటే మంచిగుంటదా?"

"నువ్వు నిలబడి ఆటో నడపలేవు కదా."

ఆ మాట ఒప్పుకున్నాడు. ఒక చేత్తో సైకిల్, ఇంకో చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుని బోడుప్పల్ మీదుగా వచ్చాను. ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కనే ఆగిన సిటీ బస్సు కిటికీలోంచి ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"చవితి పోయి రెణ్ణెల్లాయె. గిప్పుడు నిమజ్జనమేంది కొడుకా?" అని సత్తయ్యను అడిగింది.

"దేవుడు గాదు పెద్దమ్మా, మా పటేలు."

"మరి కూసోరాదు?"

"గడ్డ లేసినట్టున్నది."

"గడ్డ కాదు," అన్నాను నేను పైనుంచి.

"పసుపు పెట్టుమను," అంది ఆవిడ, అతనితోనే. సిగ్నల్ వదిలారు. వివరించే వీలు చిక్కలేదు.

పదీ పదికి నాచారం. పారిశ్రామికవాడ వెనక సందులో మల్లేశం షెడ్డు. ఆయన ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఆటో సీట్లు కుట్టి, ఇప్పుడు పందెం సైకిళ్లకు సీట్లు అమర్చుతున్నాడు. ఎదురుగా ఇడ్లీ బండి ఉంది, ప్లేటు నలభై. అక్కడ అందరూ నిలబడే తింటారు. ఆ రోజు నాకు హాయిగా అనిపించిన మొదటి చోటు అదే.

నా సీటు వెడల్పాటి తోలుది, కింద స్ప్రింగులు. మల్లేశం దాన్ని విప్పి కాటా మీద పెట్టాడు. "తొమ్మిది వందల గ్రాములు! అన్నా, ఇది సీటు గాదు, సోఫా. ఎవరు అంటగట్టిన్రు?"

"నేనే ఎంచుకున్నాను. హుందాగా ఉందని."

"మంచిగనే ఉంది. ఇంట్ల పెట్టుకో."

మెత్తటి సీటులో ఎముకలు దిగబడి చుట్టూ కండ నలుగుతుందట. వెడల్పు ఎక్కువైతే తొడలు ఒరుసుకుంటాయట. ఆయన స్టూలు మీద అట్టపెట్టె ముక్క పరిచి కూర్చోమన్నాడు. కూర్చుని లేచాను. పైన సుద్ద రుద్దితే రెండు గుంటలు తేలాయి. వాటి నడుమ దూరం స్కేలుతో కొలిచి, "నూట ముప్పై మిల్లీమీటర్లు" అని సత్తయ్యకు కూడా చూపించాడు. సత్తయ్య తలపాగా సర్దుకుని తొంగి చూశాడు. "మంచిగ పడ్డయి పటేలా," అన్నాడు గౌరవంగా.

ఆ కొలతకు సరిపోయే సీట్లు మూడు. సైకిల్‌ను స్టాండుకు బిగించి, ఒక్కొక్కటీ గంటసేపు తొక్కించాడు. రెండు పనికిరాలేదు. మూడోది పొట్టిది, మధ్యలో ఖాళీ, రెండు వందల పది గ్రాములు. మల్లేశం ఆశంతా దాని మీదే. పది నిమిషాలకు పాత నొప్పే వచ్చింది. రెండు కావస్తోంది. పేరు వాపసు తీసుకుంటున్నానని రాయవలసిన మాటలు మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాను.

మల్లేశం గొంతుక్కూర్చుని పక్కనుంచి చూశాడు. "సీటు తప్పు గాదన్నా. ఇది వంగి తొక్కేటోళ్ల సీటు. నువ్వు పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్. వంగు."

"మా ఇంట్లో వంగే అలవాటు లేదు."

"గా సంగతి గాలికి తెల్వదు గదా! తొంభై కిలోమీటర్లు దానితోని కొట్లాడుతవా?"

స్టాండు సందుకు ఎదురుగా ఉంది. గోడ వైపు తిప్పమంటే ఫ్యాన్ వైరు అందదన్నాడు. మంచినీళ్ల వ్యాను గుర్తొచ్చింది. దాని వెనకే బావమరిది గుర్తొచ్చాడు. మోచేతులు ముందుకు ఆనించి, నడుము వంచి, తల దించాను. సరిగ్గా అప్పుడే షిఫ్టు దిగిన జనం సందులోకి వచ్చారు.

"నమస్తే అన్నా!" అన్నాడు ఒకతను, నేనే ముందు దండం పెట్టాననుకుని.

"నమస్తే, నమస్తే," అన్నారు వెనకవాళ్లు. చేతులు ఖాళీగా లేవు. మరికాస్త తల ఊపాను. ఇరవై మందికి పైగా వెళ్లారు. సందు ఖాళీ అయ్యాక గమనించాను, నొప్పి లేదు.

"దిగన్నా, షెడ్డు మూసి బువ్వ తినాలె," అన్నాడు మల్లేశం.

"ఇంకో ఐదు నిమిషాలు," అన్నాను.

ఆ సీటుకే డబ్బిచ్చి, మూడింటికి సత్తయ్యను ట్రాలీతో పంపేసి, సైకిల్ మీదే ఇంటిదారి పట్టాను. ఉప్పల్‌లో ఆగి సుజాతకు ఫోన్ చేసి, పేరు అలాగే ఉంచుతున్నానని చెప్పాను. ఈ పని మీద వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: సీటును వేలితో నొక్కి చూసి కొనవద్దు. పోటీలో ఎలా తొక్కుతారో, షాపులో కూడా సిగ్గుపడకుండా అలాగే కూర్చుని చూడండి.

బోడుప్పల్ దాటాక రోడ్డు వెడల్పయింది. నారపల్లి ఇంకా రాకముందే ప్లాట్లు వేసి అమ్మే కొత్త వెంచర్ వాళ్ల ప్రహరీ గోడ ఒకటుంది. ఎప్పుడూ అక్కడ మెడ చాచి అవతలకు చూస్తూ తొక్కేవాణ్ని. ఆ రోజు వంగే ఉన్నాను. గోడ దాటడానికి నిమిషం పట్టింది. దాని వెనక మా పన్నెండెకరాల మామిడితోట ఉండేది. నాన్నగారు రెండు విడతలుగా అమ్మేశారు.