వరుస చివరి చుక్క

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ముందే మన్నించండి. కుప్పం పక్క పల్లెలో అయిదో తరగతి వరకే చదివాను.

నేను మెట్టిన తమిళ ఊరు మత్తిగిరిలో మా పక్కింటి టీచరమ్మ పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున చనిపోయారు. "మా అత్త ఇంక లేదమ్మా" అని ఆమె కోడలు గోడ అవతల నుంచి చెప్పింది.

పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి నాకు తమిళం మాట్లాడాలంటేనే భయం. చదవడం, రాయడం అసలే రావు. రేషన్ కార్డులో నా పేరు చేర్చమని అర్జీ పెట్టుకోవాలి. ఎవరిచేతనైనా రాయిద్దామన్నాడు మా ఆయన. తమిళ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఒప్పుకోలేదు.

"నీ పేరు చేర్చమని ఇంకొకరు అడిగేదేందమ్మా? నువ్వే రాయి. నేనుండాను కదా."

ఆమె నేర్పిన తమిళ అక్షరాలు వచ్చాక, రోజూ మధ్యాహ్నం ఒక పేజీ రాసుకొని పోయేదాన్ని. ఆమె చదువుతుంటే నాకు చెమటలు పట్టేవి. అది చూసి నా ముందు చేట పెట్టేవారు. "నా మొగం చూడొద్దు. అనపకాయలు వలువు."

ఆమె తప్పు దిద్దేవారు కాదు. తప్పున్న వరుస చివర పెన్సిలుతో చుక్క పెట్టేవారు, అంతే.

"తప్పు యాడుందో చెప్పండి టీచరమ్మా."

"ఆ వరుసలోనే ఉంది, యాడికీ పోదు. నేను చూపిస్తే రేపటికి మరిచిపోతావు."

తప్పును నేను కనిపెట్టి దిద్దాక ఆ చుక్కను నాచేతనే చెరిపించేవారు. చిన్నప్పుడు ఎర్ర సిరా గీతలు నిండిన పుస్తకాన్ని ఇంట్లో దాచేదాన్ని. ఈ చుక్కల పుస్తకాన్ని మాత్రం మా ఆయనకు నేనే చూపించాను.

అర్జీ నాలుగుసార్లు రాశాను. చివరికి మంచి కాగితం మీద వరుసకు వరుస ఎక్కించుకొని, మా ఆయనతో కృష్ణగిరి బస్సెక్కాను. అక్కడ రేషన్ ఆఫీసులో గుమాస్తా కాగితం చూసి, "ఈ చుక్కలేందమ్మా?" అని తమిళంలో అడిగాడు. చిత్తుప్రతిలో చెరపడం మరిచిన చుక్కలన్నీ భయంతో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేశాను!

"ముగ్గేసినావా మే?" అని మా ఆయన గొణిగాడు.

నేను తలెత్తి, "ముందు ఆడ తప్పులుండె సార్. నేనే దిద్దుకున్నాను" అని తమిళంలోనే చెప్పాను. కొత్త మనిషితో నేను ఆడిన మొదటి తమిళ మాట అదే. ఆయన నవ్వి అర్జీ తీసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే టీచరమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "ఆ చుక్కలు నాయి కదమ్మా. నా పేరు గూడా మీ కార్డులో చేర్చమన్నావా?"

కార్డులో నా పేరు వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, "చుక్క పెట్టేదానికి చోటే లేదు" అన్నారు.

టీచరమ్మ చనిపోవడానికి రెండు రోజుల ముందు మా అమ్మ గురించి ఒక పేజీ రాసి ఆమెకు ఇచ్చాను. కర్మలన్నీ అయ్యాక కోడలు ఆ పుస్తకం తెచ్చిచ్చింది. పేజీలో ఒక్క చుక్కా లేదు. తప్పులు లేవో, ఆమె చూడనే లేదో తెలియదు. చేటలో అనపకాయలు పోసుకొని నేనే చదువుకున్నాను. మూడో వరుస చివర ఒక చుక్క పెట్టాను. దాన్ని ఇంకా చెరపలేదు.

ఇందులో తప్పు కనబడితే మీరు దిద్దకండి. చిత్తుప్రతి నా దగ్గరుంది, తప్పు నేనే వెతుక్కుంటాను. మీరు వరుస చివర ఒక చుక్క పెట్టి, ఆ తరువాత ఈ కాగితాన్ని పొయ్యిలో వేసేయండి.