కుస్కో బజారులో మక్క కంకి

పెరూ దేశం వెళ్తున్నామని ఎవరైనా సలహా అడిగితే, కుస్కోలో దిగిన మొదటి రోజు గదిలోనే పడుకోమంటాను. కొండల మీది ఊరు, నాలుగు మెట్లెక్కినా ఊపిరి అందదు. అక్కడి గనిలో పనిచేసే తమ్ముణ్ని చూడటానికి అవ్వతో వెళ్లాను. ఆమె పడుకుంటే కదా! మెట్‌పల్లిలో ఏళ్ల తరబడి మక్కలు పండించిన మనిషి. ఆ సాయంత్రమే నా చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి బజారుకు నడిచింది.

అక్కడ ఒకామె ఉడికించిన మక్క కంకులు అమ్ముతోంది. ఒక్కో గింజ చింతపిక్క కంటే పెద్దది. అవ్వ ఒకటి ఒలిచి వెలుతురుకు పట్టి చూసింది.

"గీ పంట ఎన్ని నెలలకొస్తదో అడుగు బిడ్డా."

వచ్చీరాని స్పానిష్‌లో అడిగాను. ఆమె తొమ్మిది వేళ్లు చూపించింది.

"అవ్వో, మనది నాలుగు నెలలకే కోతకొస్తది. జర విత్తనం అడిగి తీస్కపోదామా?"

"ఎయిర్‌పోర్ట్‌ల పట్టుకుంటరవ్వా, విత్తనాలు తేనియ్యరు."

అవ్వ అమ్మే ఆమె వైపు తిరిగి, తన కడుపు మీద చెయ్యి పెట్టి, తొమ్మిది వేళ్లు చూపించింది. ఆమె పకపకా నవ్వి, పక్కన పీట వేసి అవ్వను కూర్చోబెట్టుకుంది.