ముప్పై మూడు మీదే

క్లీవ్‌లాండ్‌లో లైల్ ప్రుయిట్ రికార్డుల కొట్టుకి కొత్త బ్యాండు వాళ్లు వెళ్లారంటే తిట్లు తినడానికి వెళ్లినట్టే. అయినా వెళ్లక తప్పదు. అతని కొట్టు ముందరి అద్దం వెనక కనపడని రికార్డుని ఊళ్లో ఎవరూ కొనరు. వెలిసిపోయిన ఊలు టోపీ వెనక్కి నెట్టుకుని, తెచ్చిన రికార్డు మీద సూది పెడతాడు, అరనిమిషంలో ఎత్తేస్తాడు. గరగరలాడే మొరటు రాక్ తప్ప అతని చెవికి ఏదీ ఆనదు. "మాటలు అర్థమవుతున్నాయి, ఇదేం గోలరా?" అంటాడొకడిని. "గిటారు శ్రుతిలో ఉంది, సిగ్గు లేదూ?" అంటాడు ఇంకొకడిని.

మొన్న మార్నీ అనే డ్రమ్ముల పిల్ల తన బ్యాండు మొదటి రికార్డు తెచ్చింది. లైల్ సూది పెట్టాడు, ఎత్తలేదు. బురదలో ఈడ్చుకొస్తున్నట్టు గిటార్లు, వాటి అడుగున ఆడో మగో తెలియని గొంతులో తియ్యటి దిగులు. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇలాంటిది విని ఎన్నేళ్లయిందే పిల్లా," అన్నాడు బొంగురుగా.

మార్నీ పగలబడి నవ్వింది. "పెద్దాయనా, అది నలభై అయిదు స్పీడు మీద తిరగాలి. నువ్వు నెమ్మదిగా ముప్పై మూడు మీద వేశావు!" అని తనే మీట తిప్పింది. పాట చలాకీగా గెంతులేసింది.

లైల్ మొహం మాడ్చుకుని సూది లాగేశాడు. "మీ పాట మీకే వాయించడం చేతకాలేదు. నడు బయటికి!"

ఆ పిల్ల గుమ్మం దాటకముందే రికార్డుని అద్దం వెనక ముందు వరసలో నిలబెట్టి, పక్కనే అట్టముక్క మీద రాసి పెట్టాడు: "ముప్పై మూడు మీదే వేయండి. చేసినవాళ్లకి తెలీదు."