అరటి బోదె వెలుగు, నా ఎర్ర మందు

రేపల్లె రైలెక్కి మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్న రోజది. భుజాన తగిలించుకున్న సంచి పట్టీ ఎడమ రొమ్ము మీద ఒకచోట ఒత్తుకుంది. సర్దుకోబోతే చింతపిక్కంత గడ్డ గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొక్కితే కదల్లేదు. తెనాలి నుంచి సీటు ఉన్నా కూర్చోలేక, రేపల్లె దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

మా ఆడపడుచు కోటేశ్వరమ్మ, నొప్పి లేదంటే ఏం కాదులే, వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగు అంది. నాకు స్థిమితం చిక్కలేదు. నాలుగు రోజులుందామని వెళ్ళినదాన్ని మర్నాడే తిరిగొచ్చి తెనాలిలో లేడీ డాక్టరుగారికి చూపించుకున్నాను. ఆవిడ అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ రాసి, "నొప్పి లేదని వదిలెయ్యకండమ్మా, గుంటూరు వెళ్ళండి" అన్నారు.

గుంటూరులో బయాప్సీ చేశారు. రిపోర్టు వచ్చేదాకా ఒక్కచోట ఉండలేకపోయాను. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దాను. వంట సగంలో వదిలేసి తోటలోకి పోయేదాన్ని, అక్కడా ఉండబుద్ధి కాక వెనక్కి వచ్చేదాన్ని. చివరికి డాక్టరుగారు కాగితం చూసి, "స్టేజ్ టూ అమ్మా. చంకలో లింఫ్ గ్రంథిలోకి కూడా వెళ్ళింది. ముందు కీమో, తర్వాత సర్జరీ" అన్నారు. మా ఆయన ఆ మాటలు మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఇక్కడ మా అక్క కూతురు మాధురి గురించి చెప్పాలి. బాపట్లలో ఉండి రీసెర్చ్ చేస్తోంది. నందివెలుగు దగ్గర మాకున్న అరటి తోటలో గెల కొట్టాక బోదెలు గట్టున పడి కుళ్ళిపోయేవి. వాటిని ఆ పిల్ల తీసుకెళ్ళి, ఎండబెట్టి, గట్టి స్టీలు పాత్రలో మూసి బాగా వేడిచేసి, కంటికి కనపడనంత చిన్న కార్బన్ రేణువులు తీస్తుంది. కార్బన్ డాట్స్ అంటారట. యూవీ లైటు వేస్తే అవి వెలుగుతాయి. వాటికి కేన్సర్ మందు అంటించి, ఆ మందు కణంలోకి చేరిందో లేదో ఆ వెలుగును బట్టి చూడటం తన పని.

మొదటి కీమోలో నాకు ఎక్కించింది దానిమ్మ రసంలా ఎర్రగా ఉండే మందు. డోక్సోరూబిసిన్ అని నర్సమ్మ చెప్పింది. దాంతోపాటు ఇచ్చిన స్టెరాయిడ్‌కి ఒళ్ళంతా ఒకటే కంగారు. కూర్చుంటే లేవాలని, లేస్తే పడుకోవాలని. జుట్టు దువ్వెనతో పాటే వచ్చేసింది. నోరంతా పుళ్ళు. రెండో కీమో తర్వాత జ్వరం వచ్చి అడ్మిట్ చేశారు. "రక్తంలో తెల్లకణాల కౌంట్స్ పడిపోయాయి, మూడోది వాయిదా వేద్దాం" అన్నారు.

అదే సమయంలో కోటేశ్వరమ్మ ఫోన్ చేసింది. బాపట్లలో ఎవరో అమ్మాయి అరటి బోదెతో కేన్సర్‌కి మందు కనిపెట్టిందని ఎవరి ఫోన్‌లోనో చూసిందట, అది మన మాధురేగా అని. మజ్జిగ కూడా మింగలేని నన్ను రోజూ చూస్తున్న మా ఆయనకి ఆ మాట చాలు. మన తోటలోదే, మన పిల్ల చేసిందే ఉండగా నీకీ నరకమేంటి అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. కాస్త కోలుకోగానే బాపట్ల వెళ్ళాం.

మాధురి మమ్మల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి, తలుపులు మూసి, చిన్న గాజు సీసా మీద లైటు వేసింది. టీ నీళ్ళలా ఉన్నది కాస్తా నీలంగా వెలిగింది. అక్కడికక్కడే తాగేయాలనిపించింది. మా ఆయన ఆ మాటే పైకి అన్నాడు, కొంచెం ఇవ్వమ్మా, ఎవరికీ చెప్పం అని.

"ఇది మందు కాదు బాబాయ్" అంది మాధురి. "గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీదే ఇంకా చూస్తున్నాం. ఒంట్లోకి వెళ్తే ఎక్కడ పేరుకుంటుందో నాకే తెలీదు."

"పరాయివాళ్ళయితే ఆగుతారమ్మా. మీ పిన్నికి ఆగే టైముందా?"

మాధురి లైటు ఆపి తలుపు తీసింది. తర్వాత నావైపు తిరిగింది. "నేను వీటికి అంటించేది నీకెక్కించే ఆ ఎర్ర మందే పిన్నీ. ఇవాళ నిన్ను కాపాడగలిగింది అదొక్కటే. అది ఆపేస్తే నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

మా ఆయన కోపంగా బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది గానీ, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని సీసా లోపల పెట్టేయడం చూశాక ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. మూడో కీమోకి నాతో వస్తావా అని మాత్రం అడిగాను. వచ్చింది. ఎన్నాళ్ళుగానో గ్లౌజులేసుకుని తూచే మందే అయినా, అది మనిషి నరంలోకి వెళ్ళడం చూడటం అదే మొదటిసారట. నా చెయ్యి వదల్లేదు.

తర్వాత స్కాన్‌లో గడ్డ తగ్గింది. ఆ సాయంత్రమే మా ఆయన తనంతట తానే మాధురికి ఫోన్ చేసి చెప్పాడు, చెప్పి కాసేపు ఏడ్చాడు. ఎర్ర మందు అయ్యాక ఎక్కించిన పాక్లిటాక్సెల్ అనే మందుతో అరికాళ్ళు మొద్దుబారాయి. సర్జరీ అయ్యాక గాయంలో నీరు పోవడానికి డ్రెయిన్ గొట్టం పెట్టుకుని, దాని డబ్బాని చేతిసంచిలా మోసుకుంటూ ఇల్లంతా తిరిగాను. రేడియేషన్ అయ్యాక ఎడమ చెయ్యి వాచింది. ఇప్పటికీ దానికి వ్యాయామం చేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు రోజూ ఒక హార్మోన్ మాత్ర. చెకప్ దగ్గరపడితే పాత కంగారే వస్తుంది, వీధి చివరిదాకా నడిచి వస్తాను. మాధురి పని ఇంకా పళ్ళెం దాటలేదు. ఈమధ్య చేసిన డాట్స్ కణంలోకి చేరకముందే మందుని వదిలేస్తున్నాయని మళ్ళీ మొదటికొచ్చింది. విసుగు లేదా అంటే, ఉంది పిన్నీ అని నవ్వింది.

మీరూ నాలాగే కీమోలో ఉంటే, మీకూ ఎవరో ఒకరు కొత్త మందు సంగతి చెప్తారు. కొట్టిపారేయకండి, వెంటపడకండి. మీ డాక్టరుగారిని ఒక్కటే అడగండి: "ఇది మనుషుల మీద పరీక్షించారా అండి?" జవాబు ఏదొచ్చినా సరే, ఆయన ఆపమనేదాకా కీమో తేదీ మాత్రం తప్పకండి.