పక్కవాడి తుపాకి

"తిరుపతి దాకా నీది నాకియ్యప్పా, నాది నువ్వు పట్టుకో," అన్నాడు పెద్ద కానిస్టేబుల్.

"నా పేరున ఇచ్చినారన్నా," అంటూ కుర్ర కానిస్టేబుల్ ఇవ్వలేదు.

చిత్తూరు నుంచి తిరుపతి కోర్టుకు తీసుకెళ్తున్న ఖైదీ, రైల్లో నా ఎదురు సీట్లో వాళ్ళ మధ్య కూర్చున్నాడు. పెద్దాయనది కర్ర మడమ ఉన్న పొడవాటి పాత రైఫిల్. పేల్చిన ప్రతిసారీ బోల్టు లాగాలి. కుర్రాడిది పొట్టిగా, నల్లగా ఉంది. నొక్కి పట్టుకుంటే వరసగా పేలుతుంది. అంతకుముందే ఖైదీ పెద్దాయనతో, "పారిపోతే నీ పక్కనించే పోతా సార్. నువ్వు బోల్టు లాగేలోగా పాకాల దాటేస్తా," అని నవ్వాడు.

"సర్వీసంతా దీన్నే మోస్తా ఉండా. మొన్న వచ్చినోడికి అది," అన్నాడు పెద్దాయన నాతో. వచ్చే ఏడు రిటైర్మెంటట.

తిరుపతి వచ్చేదాకా ఆయన ఖైదీని చూడలేదు, ఆ నల్ల తుపాకినే చూశాడు. రిటైరయ్యేలోగా అలాంటిది ఆయనకు ఒక్కరోజైనా ఇచ్చారో లేదో నాకు తెలియదు.