నలభై తలల పేజీ

మాష్టారు పోయారని బాపట్ల నుంచి వాళ్లావిడ పిన్నిగారు ఫోన్ చేసినప్పుడు నేను ఆయన గీసిన ఏనుగు తొండానికి ఇంకు వేస్తున్నాను. పొద్దున పదిన్నర. "మీ మాష్టారు లేరమ్మా, కుర్చీలో కూర్చునే..." అని ఆవిడ ఆగిపోయారు. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. తొండం సగంలో ఆపితే గీత అతుకు కనబడుతుందని, ఫోన్ పెట్టేసి ముందు దాన్ని పూర్తిచేశాను. తరవాతే ఏడ్చాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆయన వింటే మాత్రం మెచ్చుకునేవారు. "గీత మధ్యలో చెయ్యి లేవకూడదమ్మాయ్, కొంప అంటుకున్నా సరే" అని నాకు నేర్పింది ఆయనే.

తెనాలి నుంచి వచ్చే మా పిల్లల మాసపత్రిక చదివి పెద్దవాళ్లయిన మీలో చాలామందికి ఆయన పేరు తెలియదు. బొమ్మ కింద ఎప్పుడూ పేరు వేసుకోలేదు. కానీ నడిమి రెండు పేజీలూ నిండా జనంతో ఉండే బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. తిరునాళ్లో, రైల్వే ప్లాట్‌ఫారమో, వారపు సంతో ఏదో ఒకటి. అందులో దువ్వెన, గరిటె, ఒంటి చెప్పు, ఇలా పది వస్తువులు దాచిపెట్టి వెతకమనేవారు. ఆ పేజీల ముందు మీరు ఎన్ని మధ్యాహ్నాలు బోర్లా పడుకున్నారో మీకే తెలియాలి.

ఆయన బాపట్ల వ్యవసాయ కాలేజీలో బొమ్మలు వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రైతులకిచ్చే చిన్న చిన్న పుస్తకాల్లో వరి కాండం తొలిచే పురుగూ, దోమపోటూ ఆయన చేతివే. పగలంతా పురుగులు, సాయంత్రం పిల్లల బొమ్మలు. "గీయడం ఎవరైనా గీస్తారమ్మాయ్, పోలిక దొరకాలి. పురుగుకైనా సరే" అనేవారు. పోలిక అన్న మాట ఆయన నోట వినని రోజు లేదు. మా సంపాదకుడుగారికి ఏ పురుగుతో పోలిక కుదిరిందో నాకొక్కదానికే చెప్పారు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

చివరి ఆరేళ్లూ ఆయన చెయ్యి వణికేది. పెన్సిలైతే నిలిచేది, ఇంకు పాళీ నిలిచేది కాదు. అందుకని ఆయన పెన్సిల్‌తో గీయడం, నేను దాని మీద ఇంకు వేయడం పద్ధతి అయింది. నెలకోసారి తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్లి కాగితం చుట్ట తెచ్చుకునేదాన్ని. అందులో అక్కడక్కడ లేత నీలం పెన్సిల్‌తో నాకు సూచనలుండేవి. ఆ నీలం అచ్చులో పడదు. 'ఇక్కడ నలుపు' అనో, 'ఇక్కడ వదిలెయ్యి' అనో రాసేవారు. కింద మూలన మాత్రం ఎప్పుడూ ఒకటే అంకె, నలభై. పేజీలో నలభై తలలున్నాయి, ఇంకు వేసేటప్పుడు ఎవర్నీ మర్చిపోకు అని దానర్థం. నేను లెక్కపెడితే ఏ నెలా నలభై రాలేదు. నలభై ఒకటి వచ్చేది.

ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు. జడల పిల్ల.

ఏడేళ్లుంటాయేమో. రెండు జడలు, రిబ్బన్లు, చేతిలో మూత పెట్టిన చెంబు. మనకు వీపు పెట్టి, జనంలోంచి అవతలికి నడిచిపోతూ ఉండేది. వెతకాల్సిన పది వస్తువుల్లో ఆమె లేదు. అయినా పిల్లలు ముందు ఆమెనే వెతికేవారు. ఆ పిల్లెవరండి అని ఎన్ని ఉత్తరాలో. చెరుకుపల్లి నుంచి ఒకమ్మాయి, 'తను దెయ్యమేమోనని భయమేసింది, కానీ పాదాలు వెనక్కి తిరిగి లేవు కాబట్టి దెయ్యం కాదని మా నాయనమ్మ చెప్పింది' అని రాసింది. అన్ని ఉత్తరాలకూ కార్డు ముక్క రాసే మాష్టారు దానికి మాత్రం జవాబివ్వలేదు. చాలా రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు.

ఒక ఎండాకాలం పాత సంచికలు బైండు చేయించడానికి మా ఇంట్లో నేల మీద వరసగా పరిచాను. నడిమి పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తుంటే కనబడింది. మొదటి సంవత్సరాల్లో పూర్తిగా వీపే. కొన్నేళ్లకు ఒక చెవి. ఇంకొన్నేళ్లకు చెంప అంచు. ఏ రెండు నెలలు పక్కన పెట్టి చూసినా తేడా లేదు. పదేళ్ల దూరం నుంచి చూస్తే మాత్రం ఆ పిల్ల మనవైపు తిరుగుతోంది. రోహిణి కార్తె మధ్యాహ్నం, బయట రోళ్లు పగిలే ఎండ. నాకు చలేసి, లేచి ఫ్యాను కట్టేశాను.

మర్నాడే బాపట్ల వెళ్లి అడిగాను. ఆయన పెన్సిల్ కింద పెట్టారు.

"నేను తిప్పడం లేదమ్మాయ్. అదే తిరుగుతోంది. నాకు ఎంత కనబడితే అంత గీస్తున్నా."

ఆ తరవాతి వారం నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లారు. తెనాలిలో రేపల్లె పాసింజరెక్కాం, రేపల్లెలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. సముద్రం ఇక దగ్గరే అనిపించే చోట, ఉప్పుతేలిన నేల మధ్య ఒక కట్ట మీద దిగాం. ఆయన అక్కడే చెప్పారు, పొడి పొడిగా, వేరే ఎవరి కథో చెప్పినట్టు. ఆయనకు పదేళ్లు, చెల్లెలికి ఏడు. గాలి లేచిన రోజు తల్లి చెంబులో పెరుగన్నం పెట్టిచ్చి, ఇద్దరూ కలిసి ఊరి చివర డాబా ఇంటికి పొమ్మంది. ఆయన బొగ్గుతో గోడ మీద గుర్రం గీస్తున్నారు. నువ్వు పద, గుర్రం అవ్వగానే వస్తానన్నారు. ఆ పిల్ల చెంబు పట్టుకుని నడిచింది. తరవాత తల్లి వచ్చి ఈయన్ని లాక్కుని డాబా ఎక్కేసరికి అక్కడ చెల్లెలు లేదు. సాయంత్రానికి ఉప్పెన వచ్చింది. గోడా లేదు, గుర్రమూ లేదు. ఇంట్లో ఫొటో అన్నది ఎప్పుడూ లేదు. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల మొహం ఆయనకు మరుపున పడింది. నడిచిపోతున్న వీపొక్కటే మిగిలింది.

చెప్పడం అయ్యాక నన్ను కట్ట మీద కొంత దూరం ముందుకు నడవమన్నారు. "వెనక్కి చూడకమ్మాయ్" అన్నారు. నడిచాను. పిట్ట మనిషి లేడు. నా అడుగుల చప్పుడు పక్కన ఇంకో చిన్న చప్పుడు వినిపించింది, నడకకు చెంబు మీద మూత కదిలినట్టు. ఎక్కడో గేదె మెడలో గంట అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. ఆగి తిరిగి చూస్తే మాష్టారు ఎక్కడివారు అక్కడే నిలబడి గీసుకుంటున్నారు. దగ్గరికొచ్చి చూశాను. కాగితం మీద రెండు వీపులున్నాయి. ఒకటి నాది. గేదెలు మాత్రం ఆ చుట్టుపక్కల ఒక్కటి కూడా లేవు.

ఇదంతా తెలిసి కూడా నేను ఆ పని చేశాను. ఒక నెల ఆలస్యమైంది. ప్రెస్సు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. పొద్దున్నుంచి ముసురు, పైగా కరెంటు లేదు. జడల పిల్ల అప్పటికి బాగా తిరిగింది. చెంప, ముక్కు కొస కనబడుతున్నాయి. మిగతాచోట నీలంతో 'ఇక్కడ వదిలెయ్యి' అని ఉంది. ఆ మసక వెలుతురులో నీలం నాకు ఆనలేదు. చేతికి అలవాటైన మొహం పెట్టేశాను. రెండు చుక్కలు, ఒక నవ్వు. పేజీలో అందరికీ పెట్టేదే.

అచ్చయిన సంచిక చూసి మాష్టారు "బాగుందమ్మాయ్" అన్నారంతే. తరవాతి నెల కాగితం ఇస్తూ అసలు మాట చెప్పారు.

"కళ్లు మూసుకుంటే ఇప్పుడు నువ్వేసిందే కనబడుతోందమ్మాయ్. రెండు చుక్కలూ, నవ్వూ. దానిది రావడం లేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాలుగు తిట్టుంటే నేను హాయిగా ఏడ్చేదాన్ని. రైల్లో కాగితం విప్పి చూసుకుంటే జడల పిల్ల మళ్లీ పూర్తిగా వీపు పెట్టి నిలబడి ఉంది. ఆయన జీవితమంతా పట్టి తెచ్చుకున్నదాన్ని నేను రెండు చుక్కలతో వెనక్కి పంపేశాను. అప్పటికే ఆయన మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఆ పిల్ల మళ్లీ మొదటినుంచి తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కవేసుకుని, ఆ లెక్క ఎవరికీ చెప్పుకోలేక, రెండేళ్లు గడిపాను. నెలనెలా కాగితం అందుకోగానే చెవి కనబడుతుందేమోనని చూసేదాన్ని. కనబడలేదు. చూడటం మానేశాను.

మాష్టారు పోయిన రోజు బాపట్లలో, వచ్చినవాళ్లు పలచబడ్డాక పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మొన్న నువ్వొచ్చి కాగితం పట్టుకెళ్లిన దగ్గర్నుంచీ ఒకటే సంతోషం అమ్మా. ఏంటండి అంత నవ్వు అనడిగితే, పోలిక దొరికిందే, అన్నారు. దేని పోలికో చెప్పలేదు" అన్నారు. ఏ పురుగుదో అయ్యుంటుందని అప్పుడు అనుకున్నాను.

తెనాలి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం బల్ల ముందు కూర్చున్నాను. సర్కస్ డేరా, దాని ముందు జనం, తొండం మీద ఇంకు ఆరిన ఆ ఏనుగు. చెయ్యి తగిలి పెన్సిల్ చెదరకుండా పేజీలో మిగతా సగం మీద పల్చని కాగితం కప్పి ఉంచడం నా అలవాటు. ఎడమ నుంచి ఇంకు వేసుకుంటూ వచ్చి, ఆ కాగితం తీసి, తలలు లెక్కపెట్టాను. మూలన ఎప్పటిలాగే నలభై అని ఉంది. నాకు నలభై రెండు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను. నలభై రెండే.

డేరా గుంజ పక్కన ఒక ముసలాయన మనకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. పంచె, చంకలో మడిచిన గొడుగు, ఎడమ మడమ దగ్గర అరిగిన చెప్పు. ఆ చెప్పు నాకు తెలుసు. బాపట్లలో గుమ్మం పక్కన నిన్ననే చూశాను. ఇన్నేళ్లలో ఏ పేజీలోనూ మాష్టారు తనను తాను గీసుకోలేదు. ఇప్పుడు గీసుకుని, లెక్కలో వేసుకోలేదు.

ఆయనకు అవతల, ఆయన నడుము ఎత్తున ఎవరో ఉన్నారు. కొద్దిగా పాపిట, పక్కగా చెంబు అడుగు, పంచె అంచు కింద రెండు చిన్న పాదాలు కనబడుతున్నాయి. పాదాలు ఇటువైపే ఉన్నాయి. ఆ మొహం ఆయన ఒక్కరికే కనబడేలా అడ్డంగా నిలబడ్డారు. పక్కన నీలం పెన్సిల్‌తో వణుకుతూ ఒక మాట ఉంది. 'ఇక్కడేమీ వదలకు.'

ఎంత ఏడ్చానో రాయను. మాష్టారూ, నేను పోగొట్టింది మీకు దొరికింది, అది చాలు నాకు. ఆ పేజీ ఈ సంచికలోనే ఉంది. పది వస్తువులూ వెతుక్కోండి, వాళ్లిద్దర్నీ చూడండి. మొహం కోసం మాత్రం పేజీ తిప్పి చూడకండి.

కళ్లు తుడుచుకుని, పాళీ ముంచి, మాష్టారి భుజం దగ్గర మొదలుపెట్టాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. గీత భుజం దిగి వీపు మీదికి వచ్చేసరికి, నా వెనక, చాలా దగ్గరగా, చెంబు మీద మూత కదిలిన చప్పుడైంది. గీత ఇంకా మధ్యలోనే ఉంది. చెయ్యి లేపలేదు, వెనక్కి చూడలేదు.